మ్యాప్‌లో చుక్క ఎక్కడ పెట్టాలి?

విశాఖ, విజయవాడ సహా ఆరు నగరాల్లో 66 చోట్ల సెన్సర్లతో దోమల సాంద్రతను కనిపెట్టే ప్రయోగాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో ప్రకటించింది. దోమలు ఎక్కడ ఎక్కువో తెలిస్తే మందు అక్కడే కొట్టొచ్చు. మంచిదే. కానీ డెంగీ దోమ పుట్టిన చోటి నుంచి సాధారణంగా కొన్ని వందల మీటర్లు దాటి పోదు. కూలర్ అడుగున, పూలకుండీ పళ్లెంలో గుడ్లు పెడుతుంది. ఇంట్లోని ఆ నీళ్లు వీధి సెన్సర్‌కు కనిపించవు. వాటి జాడ చెప్పేది రోగి చిరునామానే.

చిక్కంతా అక్కడే. హైదరాబాద్ హాస్టల్లో దోమ కుడితే, 4 నుంచి 10 రోజులకు జ్వరం వస్తుంది. ఈలోగా చిట్యాల చేరిన పిల్లవాడు ఆధార్‌లోని ఊరి పేరే రాయిస్తాడు. ఫాగింగ్ ఇక్కడ, దోమ అక్కడ! జ్వరంతో ఆస్పత్రికి వస్తే గత రెండు వారాలు ఎక్కడున్నారో, ముఖ్యంగా పగటిపూట ఎక్కడ గడిపారో మేం అడగకపోయినా చెప్పండి.