కోర్టు బాకీ కట్టేశాక కూడా మన పేరు మీద మచ్చ ఎందుకు ఉండాలి?



ఈసారి సిబిల్ గురించి రాస్తున్నాం. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మన చదువులకీ ఉద్యోగాలకీ అడ్డం పడే విషయమిది.

మన ఆత్రేయపురం చుట్టుపక్కల యానాది, ఎరుకల ఇళ్లల్లో అప్పు కొత్తేమీ కాదు. ఆటోకో, మేకలకో, ఇంటికో తీసుకుంటాం. నాలుగు వాయిదాలు తప్పితే బ్యాంకు దావా వేస్తుంది. డిక్రీ వస్తుంది, లేదంటే లోక్ అదాలత్‌లో రాజీ అవుతుంది. పెద్దవాళ్లు కూలి డబ్బులు కూడబెట్టి, ఉన్న కాస్త బంగారం అమ్మి కట్టేస్తారు. రసీదు పెట్టెలో దాచి, పీడ వదిలిందనుకుంటారు.

కానీ వదలదు. పిల్లోడి చదువు లోన్‌కి తండ్రి కూడా సంతకం పెట్టాలి కదా. అప్పుడు బ్యాంకువాళ్లు ఆయన రిపోర్టు తీస్తే, పాత ఖాతా ఎదురుగా 'సూట్ ఫైల్డ్' అనో, 'రిటెన్ ఆఫ్' అనో, 'సెటిల్డ్' అనో ఇంకా కనిపిస్తుంది. జామీను సంతకం పెట్టిన బాబాయికీ అదే గతి.

మేం చెప్పేది ఒక్కటే. డబ్బు తీసుకున్న వాళ్లే రికార్డు దిద్దాలి. కట్టినోడు ఆఫీసుల చుట్టూ తిరగడం న్యాయం కాదు. బ్యాంకులు పదిహేను రోజులకోసారి క్రెడిట్ కంపెనీలకు వివరాలు పంపాలని 2025 జనవరి నుంచి రిజర్వు బ్యాంకు నియమం వచ్చింది. వాయిదా తప్పిన సంగతి వెంటనే చేరుతున్నప్పుడు, కట్టేసిన సంగతి ఎందుకు చేరదు?

ఇంగ్లండులో కోర్టు తీర్పు బాకీని నెల లోపల పూర్తిగా కట్టేస్తే, ఆ తీర్పును రికార్డు నుంచే తీసేస్తారు. నెల దాటితే ఆరేళ్లు ఉంటుంది గానీ, కట్టేసినట్టు రాయించుకోవచ్చు. అమెరికాలో అయితే 2017లో మొదలుపెట్టి, మూడు పెద్ద క్రెడిట్ కంపెనీలు సివిల్ తీర్పులను రిపోర్టుల్లోంచి తీసేశాయి. మన దగ్గరా కోర్టులో కట్టినోడికి అలాంటి దారి ఉండాలని అడుగుదాం.

అది వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోలేం. ఇప్పుడున్న చట్టంలోనే మనకి పనికొచ్చేవి చాలా ఉన్నాయి.

మొదటిది కోర్టు కాగితం. డిక్రీ బాకీని కోర్టు బయట బ్యాంకుకి కడితే, ఆ సంగతి కోర్టులో నమోదు కావాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డరు 2వ రూలు ఇదే చెబుతుంది. నమోదు చేయించాల్సింది బ్యాంకు. వాళ్లు చేయకపోతే, కట్టిన 30 రోజుల్లోపు మనమే రసీదుతో అర్జీ పెట్టుకోవచ్చు. నమోదు కాని చెల్లింపును అమలు కోర్టు లెక్కలోకి తీసుకోదు. డిక్రీకి 12 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. అంటే కట్టిన బాకీకే మళ్లీ జప్తు నోటీసు రావచ్చు. కాబట్టి 'ఫుల్ శాటిస్‌ఫాక్షన్' అని రాయించిన నకలు మన చేతిలో ఉండాలి.

రెండోది బ్యాంకు కాగితం. కేసు నెంబరు, ఖాతా నెంబరు, కట్టిన తేదీ వేసి నో డ్యూస్ ఇమ్మని రాతపూర్వకంగా అడగండి. తాకట్టు పెట్టిన ఆస్తి కాగితాలు కూడా, బాకీ మొత్తం తీరిన 30 రోజుల్లో తిరిగివ్వాలి. ఆలస్యం బ్యాంకు వల్లయితే రోజుకి 5,000 రూపాయలు వాళ్లే మనకివ్వాలి. 2023 డిసెంబరు నుంచి ఈ నియమం ఉంది.

మూడోది రిపోర్టు. మన దేశంలో క్రెడిట్ కంపెనీలు నాలుగు: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. నాలుగూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే కాగితాలు జతచేసి ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో తేల్చకపోతే, ఆ తర్వాత రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లో ఉంది. అప్పటికీ పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, అక్కడ ఫీజు లేదు. ఫోన్ నెంబరు 14448.

ఇక్కడ ఒక మాట కచ్చితంగా చెప్పాలి. నిజంగా ఆలస్యంగా కట్టిన చరిత్రను ఎవరూ చెరపలేరు. తగ్గించి రాజీ చేసుకుంటే 'సెటిల్డ్' అనే పడుతుంది, మిగతాది కూడా కడితేనే 'క్లోజ్డ్' అని మార్చమని గట్టిగా అడగగలం. ఐదువేలు ఇస్తే సిబిల్ శుభ్రం చేస్తామనే ఏజెంట్లను నమ్మకండి. బ్యాంకు ఒప్పుకోకుండా క్రెడిట్ కంపెనీ కూడా ఏదీ మార్చదు.

అందుకే లోక్ అదాలత్ మీద మాకో డిమాండ్ ఉంది. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. మరి సంతకం పెట్టించే ముందు, 'ఈ రాజీతో మీ రికార్డులో ఇలా పడుతుంది' అని తెలుగులో చదివి చెప్పాలి కదా? కట్టిన తర్వాత ఎన్ని రోజుల్లో బ్యాంకు రికార్డు సరిచేస్తుందో అవార్డులోనే రాయాలి. రాజీ రోజే ఈ మాట అడిగి రాయించుకోవడం మన పని.

వకీలు ఖర్చుకి భయపడొద్దు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కుల ధృవీకరణ పత్రం దగ్గరుంచుకుని 15100కి ఫోన్ చేయండి.

ఇదంతా పెద్దవాళ్ల గొడవలే అనుకోవద్దు. 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు, సిబిల్ చరిత్ర బాగోలేదని స్టేట్ బ్యాంకు ఒక అభ్యర్థి నియామకాన్ని రద్దు చేయడం సరైనదేనంది. అప్పులన్నీ తీర్చేశానని ఆయన చెప్పినా ఫలితం లేకపోయింది. అదే చదువు లోన్ విషయంలో, 2023లో కేరళ హైకోర్టు, విద్యార్థికి సిబిల్ స్కోరు తక్కువుందని లోన్ కాదనకూడదంది. మన బ్యాంకులు ఆ రెండో మాట వినాలని అడుగుదాం, కానీ మొదటిదాన్ని మర్చిపోవద్దు.

మన అమ్మానాన్నలకు ఈ కాగితాలు చదవడం రాకపోవచ్చు. మనకి వచ్చు. ఈ ఆదివారం ఇంట్లో పెట్టె తీసి, పాత లోన్ రసీదులు, కోర్టు కాగితాలు ఒకచోట పెట్టండి. నాన్న ఫోన్‌లోనే రిపోర్టు తీయండి. అర్థం కాని మాట ఉంటే ఇక్కడ అడగండి. పాన్ నెంబరు, ఖాతా నెంబరు మాత్రం గ్రూపులో పెట్టకండి.

జై ఆదివాసీ.