ఏం కాదులే గురూ!

మన సాఫ్టువేరు జనాలకి లోడ్ టెస్టింగ్ అంటే సర్వరుకి పెట్టే పరీక్ష. పడిపోతే రీస్టార్ట్ కొట్టి టీకి వెళ్తాం. విశాఖ హిందుస్తాన్ షిప్‌యార్డులో 2020 ఆగస్టు 1న ట్రయల్ చేస్తుండగా 70 టన్నుల క్రేను కూలి 11 మంది పోయారు. నలుగురు షిప్‌యార్డు ఉద్యోగులు, ఏడుగురు కాంట్రాక్టు వాళ్ళు. ఎందుకు కూలిందన్నది ఒక ప్రశ్న. నాది ఇంకోటి: పరీక్షలో ఉన్నది కూలితే మీద పడే చోట అంతమంది ఎందుకున్నారు?

క్రేను పడితే పేపర్లో వస్తుంది. ఫ్యాక్టరీల్లో నెత్తి మీదుగా పోయే గ్యాసు డక్టుల బరువు సంగతి ఎవడికీ పట్టదు. స్టీలు ప్లాంటు ఊరు మనది, వాటికేం కొదవ! లెక్క వేద్దాం. 2 మీటర్ల వ్యాసం, 6 మి.మీ. ప్లేటు అయితే డక్టు మీటరుకి సుమారు 300 కిలోలు. లోపల పావువంతు దుమ్ము పేరుకుందనుకోండి. ఘనమీటరు దుమ్ము టన్ను తూగితే మీటరుకి ఇంకో 785 కిలోలు. అంటే డక్టు కంటే దుమ్మే రెండున్నర రెట్లు! ఆపైన ఒకడు కేబుల్ ట్రే వేలాడదీస్తాడు, ఇంకొకడు చైన్ బ్లాక్ తగిలిస్తాడు. డ్రాయింగు చూద్దామంటే "ఏం కాదులే గురూ".

ఒక సపోర్టు పోతే దాని బరువు పక్కదాని మీద పడుతుంది, అదీ పోతే ఆ పక్కదాని మీద.. ఒక సర్వరు పోతే ట్రాఫిక్కంతా మిగతావాటి మీద పడి వరసగా అన్నీ పడుకున్నట్టే. కాకపోతే మన సర్వర్ల కింద మనుషులుండరు.

సపోర్టు వంగినట్టు కనబడితే చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. పని ఆపాలి. కింద జనాన్ని పంపెయ్యాలి. బరువు మోస్తున్న ముక్క మీదే వెల్డింగు పెట్టకూడదు, వేడికి ఉక్కు బలం తగ్గుతుంది. ఇంజనీరు లెక్కకట్టిన తాత్కాలిక సపోర్టు వేసి, బరువు దాని మీదకి మార్చాకే రిపేరు.

"ఇలా ఆపుకుంటూ పోతే పనెప్పటికి అవుద్దండీ?" అంటారు. ప్రొడక్షన్లో ఒక్క లైను మార్చడానికి మూడు అప్రూవల్స్ అడిగే దేశం కదండీ మనది! మనుషుల నెత్తి మీద బరువుకి ఒక్క సంతకం ఎక్కువైపోయిందా?

ఆపమనే హక్కు ఆఫీసులో కూర్చున్నవాడికి కాదు, కింద పనిచేసే కాంట్రాక్టు వెల్డరుకి ఉండాలి. ఆపినందుకు అతని కూలి కొయ్యకూడదు. కుదరదంటారా? అయితే "ఏం కాదులే" అన్న పెద్దమనిషే ముందు వెళ్ళి దాని కింద నిలబడాలి.