పెరటికోళ్ళు: ఎన్ని ఉన్న లాభము?

సికింద్రాబాదు బజారులో నాటు గ్రుడ్డుకు ఫారము గ్రుడ్డుకంటె ఎక్కువ ధర పలుకును. అది చూచి, "పది కోళ్ళతో ఇంత వచ్చినప్పుడు నూరు కోళ్ళతో పదింతలు రాదా?" అని రైతు సోదరులు అడుగుచుందురు. రాదని నా అభిప్రాయము.

ఫారము ఖర్చులో రూపాయికి 65, 70 పైసలు మేతకే పోవును. పెరటికోడి లాభమంతయు ఆ పైసలు మిగులుటలోనే ఉన్నది. కళ్ళములో రాలిన గింజ, చెరిగిన నూకలు, పెంటకుప్పలోని పురుగు, చెదలు, ఇంటి మెతుకులు మనము కొన్నవి కావు. కాని ఒక ఇంటి చుట్టు దొరకు ఈ తిండి పది, పదిహేను కోళ్ళకు మించి చాలదు. మంద పెరిగినచో బస్తాల మేత కొనక తప్పదు. కొన్ననాటినుండి మన పోటీ ఫారముతో! అక్కడి కోడి ఏడాదికి 300 గ్రుడ్లు పెట్టును. మన నాటు పెట్ట 50, 60 మాత్రమే.

కనుక మందను పెంచుటకంటె జాతిని మార్చుట మేలు. రాజేంద్రనగరులో 1988లో ఏర్పడిన కేంద్ర కోళ్ళ పరిశోధన సంస్థవారు వనరాజ, గ్రామప్రియ జాతులను పెరటికొరకే రూపొందించిరి. గ్రామప్రియ పెట్ట పెరటిలోనే 160 గ్రుడ్ల వరకు పెట్టగలదు. మాంసము కూడ కోరువారికి వనరాజ తగును. అయితే ఇవి సరిగా పొదుగవు. వీటి సంతతిలో ఆ గుణము నిలువదు. మరల మరల పిల్లలను కొనవలెను. ఆ ఖర్చు లెక్కలో వ్రాసికొనవలెను. నాటు పెట్ట అయితే 21 రోజులు పొదిగి తన మందను తానే నింపును. ఈ గుణమునకు వెల కట్టినవారు లేరు.

అసలు నష్టము చావులలో ఉన్నది. 20 పిల్లలు కొన్నచో సుమారు సగము పుంజులే. మిగిలిన పది పెట్టలలో నాలుగింటిని కొక్కెర తెగులో, గద్దో, ముంగిసో తీసికొనిపోయినచో ఏడాదికి 640 గ్రుడ్లు పోయినట్లే. కొక్కెర తెగులుకు మొదటి వారములో లసోటా చుక్క, ఎనిమిదవ వారమున ఆర్‌టుబి టీకా ఉన్నవి. చిక్కెక్కడనగా, ఒక సీసా నూరు కోళ్ళకు పైగా సరిపోవును. మందు కలిపిన గంట రెండు గంటలలో వాడివేయవలెను. పది కోళ్ళవాడు ఒక్కడే తెచ్చుకొనలేడు.

ఇచ్చట గ్రామోద్యోగులు పూనుకొనవలెను. పశువైద్యశాలవారితో ఒక దినము నిర్ణయించి, ముందుగానే చాటించవలెను. కబురు ఇంటి ఆడవారికి అందవలెను. కోళ్ళను చూచునది వారే. తెల్లవారుజామున, గంపలు ఎత్తకమునుపే, వాడవాడకు తిరిగి టీకాలు వేయించవలెను.