పట్టణం చెత్త చేలో పోసే ముందు...

ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల్లో పశువులు తగ్గి పెంట దొరకడం కష్టమైంది. పట్టణం చెత్తో, మురుగు నీరో చేనుకు వస్తే "పోనీలే, బలమే కదా" అనుకునే రైతులున్నారు. బలమే, కాదనం. కానీ ఆ చెత్తలో పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు కూడా ఉంటాయి. వాటిలోంచి సీసం, కాడ్మియం లాంటి భారలోహాలు నేలకు చేరతాయి. యూరియా అయితే కొంత పైరు తింటుంది, కొంత గాలికీ నీటికీ పోతుంది. లోహం అలా పోదు, ఏటికేడు పైపొరలో కూడుకుంటుంది.

ఎర్రనేలకు ఆ రంగు ఇనుప తుప్పు వల్ల వచ్చింది. ఇటలీ, స్పెయిన్‌లలో మధ్యధరా సముద్రం పక్కనున్న ఎర్రనేలలకూ అంతే. ఈ తుప్పు సీసాన్ని గట్టిగా పట్టుకుంటుంది. కాడ్మియం, జింకు మాత్రం నేలలో ఆమ్లగుణం పెరిగేకొద్దీ పట్టు తప్పించుకుని నీటిలోకి దిగుతాయి, వేరు తాగేస్తుంది. అక్కడ చాలాచోట్ల నేల కింద సున్నపురాయి ఉంది, అది ఆమ్లాన్ని విరుస్తుంది. మన ఎర్రనేల గ్రానైటు జాతి రాళ్లు అరిగి ఏర్పడింది, సున్నం తక్కువ. ఇసుక పాలు ఎక్కువున్న చేలో పట్టే శక్తి ఇంకా తక్కువ. నల్లరేగడిలో సున్నం, బంకమన్ను రెండూ ఉన్నాయి కనుక లోహం అంతగా కదలదు. రేగడి వరిలో జింకు లోపం కనపడేదీ అందుకే. (ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు వేసేవాళ్లు దాన్ని డీఏపీతో కలపకండి, రెండూ దండగ.)

అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు దగ్గర నక్కవాగులోకి ఫ్యాక్టరీల నీళ్లు వదిలి పొలాలు చెడిపోతే, వ్యవహారం 1990లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మన దగ్గర అన్ని ఫ్యాక్టరీలు లేవనుకోండి. అయినా ఎమ్మిగనూరు నేతకు పేరున్న ఊరు. కొన్ని అద్దకం రంగుల్లో క్రోమియం, రాగి ఉంటాయి. మీ చేనుకొచ్చే మురుగు కాలువలో ఏయే నీళ్లు కలుస్తున్నాయో పైదాకా నడిచి చూసుకోండి.

బస్తాల్లో అమ్మే పట్టణ కంపోస్టుకు చట్టం లెక్క ఉంది: కిలోకు సీసం 100, కాడ్మియం 5 మిల్లీగ్రాములు దాటరాదు. ట్రాక్టరులో తెచ్చి పోసే పచ్చి చెత్తకు ఆ లెక్క ఎవరు చూస్తారు? 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులో 12 అంశాలుంటాయి, జింకు, రాగి ఉన్నాయి గానీ సీసం, కాడ్మియం లేవు. అన్ని చేలకూ అక్కర్లేదు, పట్టణం మురుగు పారే చేలకైనా ఆ రెండు పరీక్షలు సర్కారు ఉచితంగా చేయించాలి. ఈసారి మట్టి నమూనా ఇచ్చేటప్పుడు వ్యవసాయాధికారిని ఈ మాట అడగండి, పదిమంది కలిసి అర్జీ రాసివ్వండి. అంతవరకు అలాంటి చేలో పాలకూర వేయొద్దు. గింజకంటే ఆకులోకే కాడ్మియం ఎక్కువ చేరుతుంది.