కవాటం మార్చారు సరే.. మొదటి ఎకో ఎక్కడుంది?

కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు గుండె కవాటం పాడైందంటే ఆపరేషన్‌కు హైదరాబాద్ బాట పట్టాల్సిందే. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచాక ఖర్చు భయం కొంత తగ్గింది. చిక్కంతా ఇంటికొచ్చాకే.

ఏడాదికో రెండేళ్లకో ఆయాసం వచ్చిందనుకోండి. దగ్గర్లో ఎకో తీయిస్తారు. ‘ఏ కవాటం? ఎంత సైజు?’ అని డాక్టర్ అడిగితే మీ దగ్గర జవాబుందా?

కవాటాలన్నీ ఒకటి కావు. లోహ కవాటం దశాబ్దాలు పనిచేస్తుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు జీవితాంతం వాడాలి, ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఇందులో రెండు రెక్కలవి ఉన్నాయి, ఒకే బిళ్ల వాలుతూ తెరుచుకునేవీ ఉన్నాయి. తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థలో రూపొంది, 1990లో తొలిసారి మనిషికి అమర్చిన మన దేశీయ కవాటం ఈ రెండో రకమే. పశువు లేదా పంది కణజాలంతో చేసిన కవాటానికి ఆ మందు సాధారణంగా కొన్ని నెలలే అవసరం. అయితే పది పదిహేనేళ్లకు అరిగిపోవచ్చు, వయసు తక్కువైతే ఇంకా ముందే. పిల్లల్ని కనాల్సిన మహిళలకు ఏది వేయాలన్నది నిజంగా కష్టమైన నిర్ణయం. వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది మరి.

ఎకోలో చూసేది ముఖ్యంగా కవాటం దగ్గర రక్తం వేగం, పీడనంలో తేడా. కృత్రిమ కవాటం ఎంత బాగున్నా కొంత తేడా ఉంటుంది. మిట్రల్ స్థానంలో సగటున 5 వరకు మామూలే. 10 దాటితే గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. నాడి వేగంగా ఉన్నా ఈ అంకె పెరుగుతుంది. అందుకే ఆపరేషన్ అయ్యాక మూడు నెలల్లోపు తీసిన మొదటి ఎకో కీలకం. అప్పుడు 4, ఇప్పుడు 9 అయితే అది హెచ్చరిక. మొదటిది లేకపోతే 9కి అర్థం చెప్పడం కష్టం. పైగా లోహం నీడ వెనుక లీకులు దాక్కుంటాయి. వాటి కోసం అన్నవాహిక ద్వారా చేసే ఎకో కావాలి.

కామారెడ్డిలో 2023లోనే ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. వారంలో ఒక రోజు కవాటం రోగులకు ఎకో, ఐఎన్ఆర్ ఒకే చోట చేస్తే ఎల్లారెడ్డి రోగికి హైదరాబాద్ ప్రయాణం చాలా వరకు తప్పుతుంది. ఈలోగా డిశ్చార్జి పత్రం, కవాటం కార్డు, మొదటి ఎకో రిపోర్టు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లోనూ ఉంచండి. లోహ కవాటం టిక్‌టిక్ శబ్దం మందగించినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, మాట తడబడినా ఎకో అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.