పగయు, ఉపశమనమును

అపరాధ కథలకు ఆదరణ ఎన్నడును తగ్గలేదు. రైలు పెట్టెలలో డిటెక్టివు నవలలు చేతులు మారిన నాడును, ఇంటింట చిన్నతెరపై ధారావాహికలు నడచుచున్న నేడును, పాఠకుడు గాని ప్రేక్షకుడు గాని కోరునది ఒక్కటే: దోషి దొరకవలెను, దండన పొందవలెను. ఈ కథలలో ఒక తరహా మాటిమాటికి మన కంటబడుచున్నది. ఒక స్త్రీ ఘోరమైన అత్యాచారమునకు గురియై, ఎట్లో ప్రాణములతో బయటపడును. పోలీసులు ఆమెకు అక్కరకు రారు. న్యాయస్థానము మెట్లు ఎక్కుటకు ఆమెకు ధైర్యము చాలదు. అట్టి సమయమున చట్టమునకు వెలుపలనున్న ఒకడు, తానే తీర్పరియై, తానే తలారియై, ఆమె ప్రక్కన నిలుచును. ఇరువురును కలిసి దోషుల నొక్కొక్కరినే వెదకి చంపుదురు. చూచువారి కడుపు చల్లబడును. ఆ చల్లదనము ఎట్టిది? అది నిజముగా ఆ బాధితురాలిదేనా, లేక మనదా? ఈ ప్రశ్న వినోదమునకు సంబంధించినది మాత్రమే కాదు.

ఈ తరహాకు చక్కని ఉదాహరణము అమెరికాలో షోటైమ్ సంస్థ 2006 నుండి 2013 వరకు ప్రసారము చేసిన 'డెక్స్టర్' అను ధారావాహిక. జెఫ్ లిండ్సే 2004లో ప్రచురించిన నవల దీనికి మూలము. కథానాయకుడు డెక్స్టర్ మోర్గాన్ మయామీ నగర పోలీసు శాఖలో నెత్తుటి మరకలను పరీక్షించు నిపుణుడు. పగలు అది వృత్తి. రాత్రివేళ, చట్టమునకు చిక్కని హంతకులను వెదకి చంపుట వ్యసనము. పసితనమున కన్నతల్లి హత్యను కన్నులార చూచిన అతనిని హారీ అను పోలీసు అధికారి పెంచుకొనెను. పిల్లవానిలోని హింసాప్రవృత్తిని మాన్పలేక, ఆ పెంపుడు తండ్రి దానికొక నియమమును విధించెను: చంపదగినవానినే చంపవలెను, వాని దోషము రూఢియైన పిదపనే చంపవలెను.

2010లో ప్రసారమైన అయిదవ సీజను మన విషయమునకు సరిగా సరిపోవును. భార్య రీటాను ఒక హంతకుడు బలిగొనగా, ఆమెను కాపాడలేకపోతినను పశ్చాత్తాపముతో డెక్స్టర్ కుమిలిపోవుచుండును. ఆ స్థితిలో బాయిడ్ ఫౌలర్ అను దుర్మార్గుని అతడు చంపును. అదే యింటిలో బందీగా పడియున్న ఒక యువతి ఆ హత్యను చూచును. ఆమెయే లూమెన్ పియర్స్; జూలియా స్టైల్స్ ఈ పాత్రను ధరించినది. ఆమెను చెరపట్టి హింసించినవాడు ఫౌలర్ ఒక్కడే కాడు, అది ఒక ముఠా. దాని నాయకుడు జోర్డాన్ ఛేజ్, ఆత్మవిశ్వాసమును గూర్చి ఉపన్యాసములిచ్చి జనులను ఉర్రూతలూగించు పెద్దమనిషి. వేదికపై ధర్మపన్నములు, చాటున దారుణములు. ఇట్టి మనుష్యుని సృష్టించుటలో రచయితలు లోకజ్ఞానమును చూపిరి.

ఈ కథలో మిక్కిలి విలువైన ఘట్టము హత్యా ఘట్టములలో ఏదియు కాదు. ప్రారంభమున లూమెన్ తనంత తానుగా దోషులను వెదకబోయి, పూర్వము ఇట్టి నేరమునకు శిక్షపడిన ఒకనిని అనుమానించును. అతడే తన్ను చెరచినవాడని ఆమె నమ్మకము. తుపాకి ఎత్తును. కాని ఆ నేరమునకు అతడు కారకుడు కాడు! విచారించి తెలిసికొనిన డెక్స్టర్ ఆమెను వారించును. గాయపడిన స్త్రీ బాధ నిజము, ఆమె కన్నీరు నిజము; ఐనను ఆమె చూపిన వ్రేలు తప్పు మనిషిపై నిలిచినది. ఆమె అబద్ధమాడలేదు. భయము, చీకటి, వేదన కలిసి జ్ఞాపకమును చెదరగొట్టినవి. సాక్ష్యమును జల్లెడపట్టు పని న్యాయస్థానమునకు ఏల అప్పగింపబడినదో, ఈ ఒక్క ఘట్టము నూరు ఉపన్యాసములకంటె బాగుగా చెప్పుచున్నది.

అయితే కథ ఈ హెచ్చరికను తానే విస్మరించి ముందునకు సాగినది. అటుపిమ్మట దొరికిన వారందరును నిస్సందేహముగా దోషులే. ప్రేక్షకునికి సమస్తమును తెలియును, ఏలయన రచయిత అతనికి ముందే చూపించియున్నాడు. జీవితములో అట్లు ముందుగా చూపించు రచయిత లేడు. చిలీ దేశపు రచయిత ఏరియల్ డార్ఫ్‌మన్ 'డెత్ అండ్ ది మెయిడెన్' నాటకములో ఈ సందిగ్ధమును నిజాయితీగా ఎదుర్కొనెను. సైనిక ప్రభుత్వపు చెరలో చిత్రహింసల పాలైన పౌలీనా, ఏండ్లు గడచిన పిదప ఒక వైద్యుని గొంతు విని, నాటి హింసకుడు ఇతడేయని నిశ్చయించి, అతనిని కట్టివేసి తన యింటిలోనే విచారణ జరుపును. అతడు దోషియా, కాడా అనునది నాటకము తేల్చి చెప్పదు. తెర పడిన తరువాత కూడ ప్రేక్షకుడు ఆ బరువును మోసికొని పోవలసినదే. అట్టి బరువును డెక్స్టర్ కథ మన భుజములపై పెట్టదు.

మరి ఆ కథలో లూమెన్‌కు నిజముగా మేలు చేసినది ఏది? హత్యలే అని కథ చెప్పును. చివరకు జోర్డాన్ ఛేజ్‌ను ఆమె స్వహస్తములతో పొడిచి చంపును. ఆపై తనలోని చీకటి తొలగినదని చెప్పి, డెక్స్టర్‌ను విడిచి వెడలిపోవును. కాని అదే కథ వేరొక సాక్ష్యమును కూడ చెప్పుచున్నది. ఎందరెందరినో చంపిన డెక్స్టర్‌కు ఆ చీకటి తొలగలేదు. ఒకే మందు ఒకరికి కొలది దినములలో రోగము కుదుర్చుట, మరియొకరికి జీవితాంతము వ్యసనమగుట ఎట్లు పొసగును? మా అభిప్రాయములో లూమెన్‌ను నిలబెట్టినది కత్తి కాదు. ఆమె చెప్పినదానిని ఒక మనుష్యుడు విన్నాడు, నమ్మినాడు, ఆమె గాయములకు కట్టుకట్టినాడు, రాత్రివేళ ఆమె ఉలికిపడి లేచినప్పుడు దాపున నిలిచినాడు. ఆ ఉపకారమునకు రక్తముతో పనిలేదు. పోలీసు ఠాణాలోనో, ఆసుపత్రిలోనో, సొంత యింటిలోనో ఆమెకు అది లభించియుండవలసినది. లభింపనందుననే ఒక హంతకుని దగ్గర లభించినది.

మానసిక వైద్యుల అనుభవము కూడ ఈ మాటనే బలపరచుచున్నది. అమెరికా వైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో ప్రచురించిన 'ట్రామా అండ్ రికవరీ' అను గ్రంథములో పగను గూర్చిన ఊహలు బాధితులకు ఊరట నీయకపోగా వారి వేదనను పెంచగలవనియు, నిజముగా పగ తీర్చుకొనినవారికి మనోగాయము మానదనియు వివరించెను. అట్లని నేరము చేసినవానిని క్షమించుమని బాధితురాలికి నీతులు చెప్పుటను కూడ ఆమె మెచ్చుకొనలేదు. క్షమయే సర్వరోగ నివారిణియను భ్రమ సైతము ఆ గాయమును దాటవేయు ఉపాయమే యని ఆమె భావము. 2023లో వెలువడిన 'ట్రూత్ అండ్ రిపేర్'లో, బ్రతికి బయటపడిన వారితో మాట్లాడి ఆమె కనుగొనిన విషయమేమన, వారిలో పెక్కుమంది కోరునది దోషి రక్తము కాదు. జరిగినది నిజమని సంఘము ఒప్పుకొనుట, సిగ్గుపడవలసినది తాము కాదని లోకము చెప్పుట.

ఇది మన వాఙ్మయమునకు క్రొత్త విషయము కాదు. భారతములోని విరాటపర్వమున సైరంధ్రి కథను తెలియని తెలుగువాడు ఉండడు. తిక్కన పద్యములలో చదివితిమి. 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రములో సావిత్రిని, ఎస్.వి. రంగారావును చూచితిమి. కీచకుడు మడిసినపుడు మన మనస్సు తృప్తిపడును. కాని ఆ కథ జరిగిన వరుసను ఒకమారు జ్ఞప్తికి తెచ్చికొనుడు. ద్రౌపది మొదట భీముని వద్దకు పోలేదు. నిండు సభలో కీచకుడు తన్నగా, ఆమె ఆ సభనే న్యాయమడిగినది. తన కన్ను మరుగున జరిగిన కలహము సంగతి తనకేమి తెలియునని రాజు తప్పించుకొనెను. ధర్మము తెలిసిన కంకుడు సైతము ఆమెను అంతఃపురమునకు పొమ్మనెను. సభ చెవి మూసికొనిన తరువాతనే ఆమె అర్ధరాత్రమున వంటశాల తలుపు తట్టినది. అక్కడ భీముడు ఏమి చేసెను? పనిపాటలతో కాయలు కాచి వాచియున్న ఆమె చేతులను తన మొగమునకు చేర్చుకొని ఏడ్చెనని వ్యాసుడు చెప్పుచున్నాడు. గదాధారికి గద గుర్తునకు రాకముందే కన్నీరు వచ్చినది. ఈ ఘట్టమున మహాకవి హృదయమున్నది.

అటుపిమ్మట జరిగిన వధ కూడ కథను ముగింపలేదు. కీచకుని తమ్ములు నూటయైదుగురు ఆమెను అన్న శవముతో కూడ దహింపబోయిరి. భీముడు వారిని కూడ చంపవలసి వచ్చెను. నగరము భీతిల్లినది. రాణి సుధేష్ణ ఆమెను వెడలిపొమ్మనెను. కీచకుడు మరణించెనను వార్త హస్తినాపురము చేరి, గోగ్రహణమునకు దారితీసెను. చాటుగా ఇచ్చిన దండన చాటుగా నిలిచియుండదని కవికి తెలియును. మరియొక సందర్భమున, అయిదుగురు కుమారులను నిద్రలో చంపిన అశ్వత్థామను బంధించి ముందు నిలిపినపుడు, అతని తల్లి తనవలె ఏడువరాదని తలచి, అతనిని విడువుమని ద్రౌపది కోరినట్లు భాగవతము చెప్పుచున్నది. పగ కోరు హక్కు ఎవరికున్నదో, దానిని ఆపు హక్కు కూడ వారిదే. ఈ రెండవ హక్కును నేటి అపరాధ కథలు బాధితురాలికి ఇచ్చుట అరుదు. చంపుట కొరకు వచ్చినవాడు ఆమె వద్దన్నచో ఊరకుండునా? ఊరకుండనిచో అతడు ఆమెకు సహాయకుడు కాడు, ఆమె దుఃఖమును వాడుకొనుచున్నవాడు.

డెక్స్టర్ కథాంతమున ఇంకొక ఘట్టము గలదు. డిటెక్టివుగా పనిచేయుచున్న అతని చెల్లెలు డెబ్రా హత్యాస్థలమునకు వచ్చి, మంచుగాజువంటి ప్లాస్టిక్ తెర వెనుక రెండు నీడలను చూచును. తెరను తొలగింపక, మొగములు చూడక, పారిపొమ్మని చెప్పి వెడలిపోవును. ప్రేక్షకులు దీనిని దయగా భావింతురు. మాకు మాత్రము విరాటుని సభ గుర్తునకు వచ్చుచున్నది. నేరము జరిగినపుడు పెడమొగము పెట్టిన చట్టమే, పగ తీరినపుడును పెడమొగము పెట్టుచున్నది. మొదటిది నిర్లక్ష్యము, రెండవది కరుణ అని పేర్లు పెట్టినను, చూడవలసినదానిని చూడకుండుట రెండింటికిని సమానమే.

ఇది తెరకే పరిమితమైన సంగతియైనచో ఇంత వ్రాయవలసిన పని లేదు. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువ పశువైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు బలియైనది. ఆమె కనబడుటలేదని కుటుంబము మొరపెట్టుకొనిన రాత్రి కేసు నమోదులో జాప్యము జరిగినదని ముగ్గురు పోలీసు సిబ్బందిని సస్పెండు చేసిరి. డిసెంబరు 6వ తేదీ వేకువన నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు అక్కడి పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషను నివేదిక 2022లో బహిరంగమైనది. చంపు ఉద్దేశముతోనే కాల్పులు జరిగినవనియు, మృతులలో ముగ్గురు మైనరులనియు అందు పేర్కొనిరి. నిందితుల దోషమును ఏ న్యాయస్థానమును పరీక్షింపలేదు, ఇక పరీక్షింపజాలదు. పూలు చల్లినవారి ఆవేదనను మేము తక్కువ చేయము. కాని ఆ రాత్రి ఠాణాలో మూసికొనిన చెవి, ఆ వేకువ మ్రోగిన తుపాకి, రెండును ఒకే సంగతికి మొదలును తుదియు కావా?

నిర్భయ ఘటన తరువాత 2013లో చేసిన చట్ట సవరణ, లైంగిక నేరమును గూర్చిన ఫిర్యాదును నమోదు చేయని ప్రభుత్వోద్యోగిని నేరస్థునిగా పరిగణించినది. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో కూడ ఆ నిబంధన నిలిచియున్నది. నేరము ఎక్కడ జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు తీసికొనవలెనని క్రొత్త నాగరిక సురక్షా సంహిత చెప్పుచున్నది. చట్టమునకు చెవి పెట్టిరి. అది వినునట్లు చేయుట మిగిలియున్నది. కత్తి దూయు వీరుని కొరకు ఎదురుచూచు ప్రజ, ఈ చిన్న నిబంధన తమ ఊరి ఠాణాలో అమలగుచున్నదా అని అడుగుట నేర్చుకొనవలెను.

రచయితలకు మా విన్నపమొకటి. పగ కథలు వ్రాయవద్దని మేము చెప్పము. కోపము లేని సాహిత్యము ఉప్పు లేని కూడు. కాని దోషి చచ్చిన చోట కథను ఆపివేయకుడు. మరునాటి ఉదయమున ఆ స్త్రీ ఏ యింట నిద్ర లేచినదో, ఎవరితో మాటలాడినదో, ఆమె మాటను ఎవరు నమ్మిరో కూడ వ్రాయుడు. కీచకుని వధించిన భుజబలమును లోకము మరువదు, మరువనక్కరలేదు. దానికి ముందు చీకటి వంటశాలలో కాయలు కాచిన చేతులను పట్టుకొని ఏడ్చిన మనుష్యుని కూడ మరువకుండుట మన విధి. విరాటుని సభ ఆ పనిని పగటివేళ, నలుగురి యెదుట చేసియున్నచో, ఆమెకు ఆ రాత్రి వంటశాలకు పోవలసిన అవసరమే కలిగియుండదు.