బెల్లం నా సంచిలోనే ఉండిపోయింది

"మనం తిరుత్తణి పోయొచ్చిన సంగతి రాయన్నా, ఫోటో కూడా వేయించు" అని మన వీధి పిల్లలు రెండు నెలలుగా అడుగుతా ఉన్నారు. రాస్తాను. అయితే వాళ్ళనుకున్నట్టు గొప్ప చెప్పుకోవడానికి కాదు. ఆ ఆదివారం నా చేత ఒక తప్పు జరిగింది. షుగరు ఉన్న మనిషి లేని ఇల్లు మన లైన్లలో తక్కువ గనక, అది దాచుకోకుండా చెప్పాలనిపించింది.

పెరంబూరు నుంచి తిరువళ్ళూరు సుమారు 40 కిలోమీటర్లు. అక్కణ్ణించి తిరుత్తణి ఇంకో 40. శనివారం తిరువళ్ళూరులో పడక, ఆదివారం తిరుత్తణి చూసుకుని రాత్రికి ఇల్లు చేరడం, ఇదీ మా లెక్క. మొత్తం ఏడుగురం. ఐదుగురు కుర్రాళ్ళు, నేను, మామ.

మామ అంటే మన వీధి మొత్తానికీ మామే. పద్దెనిమిదేళ్ళకు మిల్లులో చేరి, మిల్లు మూతబడే దాకా వీవింగులోనే పని చేసిన మనిషి. ఇప్పుడు అరవై ఎనిమిది. పుట్టింది తిరుత్తణి పక్క పల్లెలో. జీతం చేతికొచ్చిన శనివారం షిఫ్టు దిగి, సైకిలెక్కి, తెల్లారేసరికి అమ్మ ముందర నిలబడేవాడంట. ఆ హెర్క్యులెస్ సైకిలు ఇంకా ఉంది. ఆ దారిలో మళ్ళీ ఒక్కసారి తొక్కాలని ఆయనకు చాలా రోజుల ఆశ.

బయలుదేరే ముందు అత్త నన్ను పక్కకు పిలిచింది. "నాయినా, ఆయనకు షుగరు. నువ్వుండావనే పంపిస్తుండా" అన్నది. "నేను చూసుకుంటా అత్తా" అన్నాను. ఎంత సులువుగా అనేసినానో.

శనివారం ఏ ఇబ్బందీ లేదు. అంబత్తూరు, ఆవడి, పట్టాభిరాం, తిరునిన్రవూరు మీదుగా మాట్లాడుకుంటా పోయినాం. అంబత్తూరులో సైకిళ్ళ ఫ్యాక్టరీ ఉండే దిక్కుకు వచ్చేసరికి మామ గంట గణగణ కొట్టినాడు. "నా సైకిలు పుట్టిల్లు రా ఇది" అన్నాడు. కుర్రాళ్ళ గేరు సైకిళ్ళు మామ పక్కనే నెమ్మదిగా నడిచినాయి.

తిరువళ్ళూరులో వీరరాఘవస్వామిని చూసినాం. వైద్య వీరరాఘవుడని పేరు. మనవాళ్ళు అమావాస్యకు పోతా ఉంటారు కదా. రోగం కుదరాలని మొక్కుకుని గుడి కోనేట్లో బెల్లం కలుపుతారు. ఆ కోనేరుకు హృత్తాపనాశిని అని పేరు, అంటే గుండెలోని తాపం తీర్చేది. మామ బెల్లం కొన్నాడు. మోకాళ్ళ కోసమని కోనేట్లో వేసినాడు. నేనూ ఒక ముక్క కొని, సగం వేసి, సగం కాగితంలో చుట్టి నా సంచిలో పడేసుకున్నాను.

రాత్రి సత్రంలో పడుకుని మామ ఊరి సంగతులు చెప్పినాడు. "నేను పుట్టినప్పుడు మా ఊరు చిత్తూరు జిల్లా, ఆంధ్రా. నాకు మూడేళ్ళప్పుడు మద్రాసు రాష్ట్రంలో కలిసింది" అన్నాడు. కుర్రాళ్ళు నమ్మలేదు. నిజమే మరి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు తిరుత్తణి అటువైపు పోయింది. 1960 ఏప్రిల్ 1న ఇటు వచ్చింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల్లోని కొన్ని పల్లెలు అటు పోయినాయి. "మరి మీ అమ్మ ఏమన్నది మామా?" అని ఒకడడిగినాడు. "ఏమంటుంది? పొద్దున లేచి ఆవు పాలు పిండింది" అన్నాడు మామ.

ఆదివారం నాలుగున్నరకు లేచినాం. మామ తన షుగరు మాత్ర వేసుకున్నాడు. "ఏమన్నా తిని పోదామా?" అని అడిగినాడు కూడా. నేనే వద్దన్నాను. "ఎండ ముదరక ముందే సగం దారి దాటేద్దాం మామా, కనకమ్మసత్రంలో టిఫిను" అన్నాను. మొదటి తప్పు అది.

రెండోది రోడ్డు మీద జరిగింది. చల్లగాలి, లారీలు తక్కువ. ఒక కుర్రాడు తన ఫోను నా హ్యాండిలుకు కట్టి ఇచ్చినాడు. గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతున్నామో అందులో కనబడుతుంది. 18 చూసినాను, 20 చూసినాను, 23 చూసినాను. నలభై ఏడేళ్ళ వయసులో కుర్రాళ్ళతో సమానంగా తొక్కుతున్నానని గర్వం వచ్చింది. వెనక్కి తిరిగి చూసిన గుర్తే లేదు.

కనకమ్మసత్రంలో దిగి, టీ చెప్పి, లెక్క పెట్టుకుంటే ఆరుగురమే ఉన్నాం.

పంక్చరేమో అనుకున్నాం. పది నిమిషాలు చూసినాం. ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, మాత్ర వేసుకుని ఏమీ తినకుండా బయలుదేరినాడని. టీ వదిలేసి వెనక్కి తొక్కినాం.

మూడు నాలుగు కిలోమీటర్ల వెనక, రోడ్డు పక్కన ఒక టీ కొట్టు. బెంచీ మీద మామ. చొక్కా అంతా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతా ఉన్నాయి. నన్ను చూసి "షిఫ్టు సైరను కొట్టేసినారా?" అని అడిగినాడు. నా కాళ్ళల్లో బలం పోయింది.

కొట్టు నడిపే అమ్మ గ్లాసుతో చక్కెర నీళ్ళు తాగిస్తా ఉంది. మమ్మల్ని చూసి తెలుగులోనే అడిగింది: "ఏమయ్యా, పెద్దాయన్ని వదిలేసి యాడికి పోయినారు మీరంతా? సైకిలు వంకర్లు తిరగతా వస్తుంటే తాగినాడేమో అనుకున్నారు ఇక్కడోళ్ళు. మా ఇంటాయనకూ ఈ జబ్బే, అందుకని నాకు తెలిసింది." ఎవ్వరం నోరెత్తలేదు. పావుగంటకు మామ కళ్ళు నిలబడినాయి. ఆమే నాలుగు ఇడ్లీలు పెట్టింది. డబ్బులిస్తే టీకీ ఇడ్లీకీ తీసుకుంది, చక్కెరకు తీసుకోలేదు.

కోనేటి దగ్గర కొన్న బెల్లం నా సంచిలోనే ఉంది. ఆ సంచి నా భుజాన ఉంది, నేను నాలుగు కిలోమీటర్లు ముందర ఉన్నాను.

ఆ తర్వాత డాక్టరును అడిగి తెలుసుకున్నది రాస్తాను. కత్తిరించి గోడకు అంటించుకోండి. షుగరు ఎక్కువైతేనే ప్రమాదం అనుకుంటాం. తగ్గితే ఇంకా తొందరగా ప్రమాదం. ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకూ, కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్ళకూ, తిండి ఆలస్యమైనా, ఒంటికి ఎక్కువ శ్రమైనా 70 కంటే కిందికి దిగిపోవచ్చు. చెమట, వణుకు, గుండె దడ, ఆకలి, పొంతన లేని మాట, ఇవీ గుర్తులు. వెంటనే మూడు చెంచాల చక్కెర గాని గ్లూకోజు గాని నీళ్ళలో కలిపి తాగించాలి. 15 నిమిషాలు చూడాలి. తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నమో ఇడ్లీయో పెట్టాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయాలి. మీ మాత్ర ఏ రకమో, శ్రమ చేసే రోజు ఎట్లా వేసుకోవాలో మీ డాక్టరునే అడగండి.

మిగతా దారంతా మామే ముందు. మేమంతా ఆయన వెనక. గంటకు పది కిలోమీటర్లు పోయినామో, పన్నెండు పోయినామో, ఫోను సంచిలో పెట్టేసినాను గనక తెలియదు. తిరుత్తణిలో 365 మెట్లు కుర్రాళ్ళు ఎక్కినారు. మామను నేను ఆటోలో ఘాటు రోడ్డున పైకి తీసుకుపోయినాను. కొండ మీద నుంచి తన పల్లె దిక్కు చూపించినాడు. "రాధాకృష్ణన్ పుట్టింది ఈ ఊళ్ళోనే రా, 1888లో, మన తెలుగోళ్ళ ఇంట్లో" అని కుర్రాళ్ళకు చెప్పినాడు. నా తప్పు గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది.

సాయంత్రం మామను లోకల్ రైలెక్కించి తోడు ఒకణ్ణి పంపినాం. సైకిళ్ళు రెండూ ట్రాలీ ఆటోలో వేసినాం. మిగిలిన ఐదుగురం తొక్కుకుంటా వచ్చినాం. సైకిల్ క్లబ్బులతో దూరాలు పోయే కుర్రాడొకడు దారిలో ఒక సంగతి చెప్పినాడు. ఫ్రాన్సులో 1904 నుంచీ ఆడాక్స్ అని గుంపు సైకిలు పద్ధతి ఉందంట. అందరూ కలిసే బయలుదేరి, కలిసే చేరాలి. ముందర కెప్టెన్ ఉంటాడు, ఇప్పటి లెక్కన గంటకు 22.5 కిలోమీటర్లు, ఆయన్ను ఎవరూ దాటకూడదు. అది విని మేము మాకొక కట్టుబాటు పెట్టుకున్నాం. మా గుంపుకు వేగం ఎంతని రాసిపెట్టలేదు. అందరికంటే నిదానంగా తొక్కేవాడే ముందర పోతాడు, బాగా తొక్కగలిగినవాడు చివర వస్తాడు. చివరివాడి సంచిలో చక్కెర, నీళ్ళు, పంక్చరు సామాను ఉంటాయి. తినకుండా ఎవరూ పెడలు మీద కాలు పెట్టరాదు.

ఇల్లు చేరినాక అత్తకు జరిగింది జరిగినట్టు చెప్పినాను. మామ అప్పటికి ఏమీ చెప్పలేదంట. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది: "మళ్ళీ పోతాడు, నేను ఆపలేను. ఈసారి బెల్లం ఆయన జేబులోనే పెట్టండి."

వచ్చే నెల రెండో శనివారం పూండి చెరువుకు పోతున్నాం. కండలేరు నుంచి కృష్ణ నీళ్ళు వచ్చి చేరేది అక్కడికే, మన కొళాయిలకు వచ్చేదీ అక్కణ్ణించే. రావాలనుకునేవాళ్ళు మా ఇంటికొచ్చి పేరు చెప్పండి. వయసు అడగను. ఏ మాత్రలు వాడుతున్నారో మాత్రం అడిగి రాసుకుంటాను. ముందర మామ ఉంటాడు. చివర నేను వస్తాను.